చాచి వేయించిన సూదులు

మొన్న మా మనవరాలికి కుక్కపిల్ల గోరు గీరుకుంది. భూపాలపల్లిల మేముండే గల్లీల ఒక కుక్క ఈనింది. బడి ఇడిసిపెట్టంగనే పిల్లలందరు దాని చుట్టే. కాలి పిక్క మీద సన్నటి గీత, దాని మీద ఒక్క రక్తపు బొట్టు. మా కోడలు చూసి, "ఏం గాదత్తమ్మా, గోరే గద. పసుపు పెడ్త" అన్నది. నేను పిల్లను నల్లా కింద నిలబెట్టి, సబ్బు రుద్ది, నీళ్లు ధారగ ఇడిసి చానసేపు కడిగిన. ఆ తడికాలుతోనే ఆటో ఎక్కించి దవాఖానకు తీస్కపోయిన. నర్సు జబ్బకు చిన్న సూది వేసింది, మళ్ల ఎప్పుడెప్పుడు రావాల్నో చెప్పింది. పిల్ల ఒక్కసారి "అబ్బా" అన్నది, గంతే. వాపస్ వచ్చేటప్పుడు నా మొఖం దిక్కు చూసి, "నానమ్మా, సూది నాకేస్తే నువ్వెందుకు ఏడుస్తున్నవ్?" అని అడిగింది.

కండ్లల్ల దుమ్ము పడ్డదని చెప్పిన. ఆరేండ్ల పిల్లకు ఇంకేం చెప్పాలె.

మాది నెల్లికుదురు దిక్కు చిన్న ఊరు. నాకు ఆ పిల్ల కంటె కొంచెం ఎక్కువ వయసు ఉన్నప్పటి ముచ్చట ఇది. మిరపకాయల కాలం. ఆ కాలంల మా ఊరంత ఎర్రగ ఉండేది. కల్లాలల్ల ఆరబోసిన కాయ, ఇండ్ల ముంగట ఆరబోసిన కాయ, కప్పుల మీద గూడ కాయే. గాలి లేస్తె ఊరంత తుమ్మేది. మేం పిల్లలం తాలుకాయ నాలుగు ఏరుకొచ్చి, అరుగు మీద ముచ్చట్లు పెట్టే ముసలోళ్ల ఎనకపొంటి చితుకుల మంటల ఏసి ఉరికేటోళ్లం. వాళ్లు దగ్గుకుంట తిడుతుంటె గోడ సాటున నవ్వి నవ్వి కడుపు నొచ్చేది.

ఆ తుంటరి పనులన్నిట్ల నాకు తోడు మా పక్కింటి పిల్ల. వాళ్ల నాయిన దర్జీ. మేం చాచా అనేటోళ్లం, ఆయన పెండ్లాన్ని చాచి. ఇంట్ల వాళ్లు తురకం మాట్లాడుకునేది, మాతోని మా లెక్కనే తెలుగు. వాళ్ల ఇంట్లకు పోతె కొత్తగుడ్డ వాసన, మిషన్ నూనె వాసన, పొయ్యి మీద చాయ్ వాసన కలిసి వచ్చేది. కింద పడ్డ గుడ్డపేలికలు మాకే. వాటితోని బొమ్మలకు లంగలు కుట్టేటోళ్లం. మా నాయినమ్మ సర్వపిండి చేస్తె మొదటి ముక్క ఆ ఇంటికి పోయేది. పండుగనాడు వాళ్ల సేమియా గిన్నె మా ఇంటికి వచ్చేది. మా అమ్మ రవికలన్ని చాచానే కుట్టిండు. ఒక్కదానికి గూడ కొలతలు తీస్కున్నట్టు యాది లేదు.

మా ఇంట్ల మాట నాయినమ్మది. మా బాపు భూపాలపల్లి బొగ్గుబాయి కాడ పనికి పోయి, ఎప్పుడో ఓసారి వచ్చేది. అమ్మ నోట్ల నాలుక లేని మనిషి. నాయినమ్మ కూసుండమంటె కూసుండేది, లెమ్మంటె లేసేది. నాయినమ్మ చెడ్డది కాదు. నన్ను పక్కల ఏసుకొని పండేది. నా తలకు నూనె పెట్టేదామె, నాకు కత చెప్పేదామె. ఆమెకు నా ఈడుల ఒక బిడ్డ ఉండెనట, మా మేనత్త. జరమొస్తె ఎవరో పట్నం డాక్టర్ కాడికి తీస్కపోయి సూది పొడిపిచ్చిన్రట. ఇంటికి తెచ్చినంక పిల్ల మళ్ల కండ్లు తెరవలేదు. అప్పటిసంది మా ఇంట్ల సూది అనే మాట ఎత్తద్దు. టీకాలోళ్లు ఊర్లకొస్తె నన్ను చేనుకు తోలేది.

ఆ పొద్దు మేమిద్దరం మా కొట్టం కాడ బొమ్మల పెండ్లి ఆడుతున్నం. యాడి కుక్కనో, మా ఊరిది కాదు. నోట్లకెళ్లి సొంగ కారుకుంట, పక్కకు ఒరుగుకుంట వచ్చింది. మొదలు కట్టేసి ఉన్న లేగదూడ ముట్టె పట్టింది. మేం అరిసేసరికి ఇటు మళ్లింది. నా దోస్తుకు చెయ్యి కరిసింది, నాకు పిక్క. కర్రలు పట్టుకొని మొగోళ్లు ఉరికొచ్చి దాన్ని వాగు దిక్కు తరిమి కొట్టి సంపిన్రు.

అందరికంటె ముందు ఉరికొచ్చింది చాచి. మమ్ముల ఇద్దరిని చెరొక రెక్క పట్టి వాళ్ల బాయికాడికి గుంజుకపోయింది. బట్టల సబ్బు పెట్టి రుద్దింది. మంటకు నేను మొత్తుకుంటున్న. "మొత్తుకో బేటా, మొత్తుకో" అనుకుంట నీళ్లు తోడి పోస్తనే ఉన్నది. ఆమె చేతులు ఒక్క గడియ గూడ ఆగలే. మిషన్ సూదిల దారం ఒక్కపారే ఎక్కించే చేతులవి.

అంతల నాయినమ్మ వచ్చింది. "మా పిల్లను మేం చూసుకుంటం" అని నన్ను ఎత్తుకున్నది. వాగవతలి ఊర్ల పసరు పోసే పెద్దమనిషి ఉండె. మెత్తగ మాట్లాడే ముసలాయన. ఏదో ఆకు దంచి, ఆ పసరు నాకు తాపిచ్చిండు, గాయం మీద ఇంత పోసిండు. పథ్యం చెప్పిండు. ఉప్పు బంద్, కారం బంద్, చింతపండు బంద్. అదే పసరు నాయినమ్మ సీసల పట్టుకొచ్చి లేగదూడకు గూడ తాపింది.

ఆ మాపటీలి అమ్మ బాయికాడ బోళ్లు తోముతుంటె చాచి వచ్చి పక్కన కూసున్నది. నేను అమ్మ కొంగు పట్టుకొని ఉన్న.

"అక్కా, రేపు నా బిడ్డను మానుకోట దవాఖానకు తీస్కపోతున్న. నీ బిడ్డను గూడ పంపు."

"అత్తమ్మ ఒప్పుకోదు."

"నాకొక తమ్ముడుండె. నీకెప్పుడు చెప్పలే." చాచి ఒక బోలె అందుకొని తోముడు పెట్టింది. "జనగామల మా అమ్మగారింటి కాడ. కుక్క కరిసింది. ఇట్లనే పసరు పోసిన్రు, తాయెత్తు కట్టిన్రు. మానింది. ఆడుకున్నడు, తిన్నడు. అందరం మర్సిపోయినం. తర్వాత ఒకనాడు నీళ్లిస్తె గిలాస చూసి వణికిండు. దాహమైతున్నదంటడు, నీళ్లు చూస్తె గొంతు పట్టుకపోతది. నన్ను చూసి, ఆపా, అక్కా, నన్ను ఇడిసిపెట్టి పోకు అన్నడు. వాన్ని కట్టేసిన్రక్కా. కట్టేసి తలుపు పెట్టిన్రు."

అమ్మ చేతిల బోలె అట్లనే ఉన్నది. బూడిద నీళ్లు కారిపోతున్నయి.

"రోగం వచ్చినంక ఏ డాక్టరు ఏం చెయ్యలేడట. రాకముందే సూదులు వేయించాలె, గదొక్కటే. మీ అత్త పొద్దుగాలనే మిరపకాయ ఏరనీకి పోతది గద. బడికి పంపినట్టు పంపు. మిగిలింది నేను చూసుకుంట."

తెల్లారి నాయినమ్మ చేనుకు పోయినంక నాకు ఉతికిన గౌను తొడిగి, జడేసి, చాచి ఇంటి తలుపు కాడ ఇడిసి వచ్చింది.

ఆ సూదులు ఇప్పటి లెక్క కాదు. బొడ్డు చుట్టూ, కడుపుల పొడిసేటోళ్లు. దినాం పోవాలె, ఒక్కనాడు తప్పద్దు. సూదులు ఉడకబెట్టే గిన్నెల నీళ్లు కుతకుతలాడే చప్పుడు వింటనే నేను చాచి ఎనక దాక్కునేదాన్ని. ఇద్దరం చేతులు పట్టుకొని నిలబడేటోళ్లం. ముందు ఎవరు అని ఇద్దరం ఒకరినొకరం నూకుకునేటోళ్లం. నన్ను బల్ల మీద పండబెడితే చాచి నా మొఖం మీదికి వంగి, నాకు బల్ల కనవడకుంట కొంగు అడ్డం పెట్టేది. పెదవులతోటి ఏదో దువా చదివేది. సూది అయినంక బస్టాండు కాడ ఉడకబెట్టిన పల్లికాయ కొనిచ్చేది. అండ్ల ఉప్పుంటది. ఇంటికాడ ఉప్పులేని అన్నం తినే నాకు ఆ పల్లికాయ ఎంత రుచో. పొట్టు గూడ చప్పరించేదాన్ని.

రాత్రయితే మాత్రం నాకు పరేషాన్. నాయినమ్మ పక్కల పండుకోవాలె. ఆమె కత చెప్పుకుంట నన్ను దగ్గరికి గుంజుకునేది. కడుపు గట్టిబడి, గడ్డలు గట్టి, చెయ్యి తాకితె ప్రాణం పోయేది. అబ్బా అనకుంట పండ్లు బిగపట్టుకునేదాన్ని. ఆమె చప్పిడి గంజి ముద్దలు చేసి నా నోట్ల పెట్టుకుంట, "నా తల్లి ఎంత మంచిగ పథ్యం పడుతున్నది" అని కండ్లు తుడుసుకునేది. నాకు గంజి మింగుడు పడకపోయేది. నాయినమ్మ, చాచి ఇద్దరు నన్ను బతికియ్యాలనే చూస్తున్నరు. ఒకరికి తెలిస్తె ఇంకొకరికి కష్టం. గా వయసుకు అది చాన బరువు.

ఆగం అయింది స్నానం కాడ. నాయినమ్మ ఆ మాపటీలి చేన్లకెళ్లి జల్ది ఇంటికొచ్చింది. కాగుల నీళ్లు కాగబెట్టి, నన్ను బండ మీద కూసోబెట్టి, సున్నిపిండి పెట్టి రుద్దుతున్నది. కడుపు మీద చెయ్యి పడంగనే నేను కెవ్వుమన్న. ఆమె వంగి చూసింది. బొడ్డు చుట్టూ నల్లటి మచ్చలు, గడ్డలు.

"ఎవరు పొడిసిన్రే నిన్ను?"

నేను ఏడుస్తనే ఉన్న. అమ్మ తడకల సాటున నిలబడి ఉన్నది. నాయినమ్మ ఎవరి జవాబు కోసం ఆగలేదు. నన్ను తడి ఒంటితోనే తువ్వాల సుట్టి చంకన ఏసుకొని దర్జీ ఇంటి ముంగట నిలబడ్డది.

"బయటికి రాయే! నా పిల్లను ఏం చేసినవే? నీ బిడ్డ ఒక్కతి బతికితె సాలదా, నా ఇంటి దీపం ఆర్పాలెనా నీకు?"

చాచి వచ్చింది. కొంగు తల మీదికి గుంజుకున్నది. "నేనే తీస్కపోయినవ్వా. నీ కోడలికి తెల్వదు. బడికి పోయే పిల్లను మధ్యల నేనే తీస్కపోయిన."

అది అబద్ధమని నాకు తెలుసు, అమ్మకు తెలుసు. అమ్మ మా ఇంటి గడప కాడ నిలబడి వింటున్నది.

ఊరు కూడింది. నాయినమ్మ దుమ్మెత్తి పోసింది. ఒకప్పటి తన బిడ్డను తలుసుకొని గుండెలు బాదుకున్నది. "సూది పొడిసి ఒకదాన్ని తిన్నరు. పసరు మీద సూది పడితె ఇసమైతదట. ఇది సస్తె నువ్వు బతికిస్తవా?" చాచా చేతులు జోడించి నిలబడ్డడు. మెడల కొలతల టేపు అట్లనే ఉన్నది. నా దోస్తు తలుపు సందుల నుంచి నన్ను చూస్తున్నది. చాచి తిట్లన్ని పడ్డది. మొఖం మీద దుమ్ము గూడ తుడుసుకోలే.

"నన్ను ఎన్నన్న తిట్టు అవ్వా. కాళ్లు మొక్కుత. రేపటి సూది మాత్రం ఆపకు. సగంల ఆపితె పనిచెయ్యది."

నాయినమ్మ నన్ను తెచ్చి ఇంట్లేసి గడప మీద కూసున్నది.

తెల్లారి ఆమె చేనుకు పోలే. చాచి, నా దోస్తు బస్సు కాడికి పోతున్నది కిటికిలకెళ్లి చూసిన. నా దోస్తు ఎనుకకు తిరిగి తిరిగి చూసింది. బస్సు హారన్ కొట్టింది, పోయింది. అమ్మ పొయ్యి ముంగట కూసొని పుల్లలు ఎగదోస్తనే ఉన్నది. అన్నం మాడిన వాసన వస్తున్నా ఆమెకు తెల్వలే. నాకు సూది తప్పినందుకు సంబురం కావాలె. కాలే. చాచి తమ్ముని ముచ్చట నేను గూడ విన్న గద. ఆ దినమంత ఊకె పోయి కుండల నీళ్లు చూసుకున్న. నాకు భయమైతున్నదా లేదా అని.

ఆ తెల్లారి అమ్మ పొద్దుగాలనే లేసింది. తను ఉతికిన చీర కట్టుకున్నది, నాకు గౌను తొడిగింది. నా చెయ్యి పట్టుకొని, ఎనక దర్వాజ కాకుంట ముంగటి దర్వాజ నుంచే నడిసింది. గడప మీద నాయినమ్మ.

"యాడికే?"

"మానుకోటకు."

"నా మాటంటె లెక్కలేదా?"

"ఉన్నదత్తమ్మా." అమ్మ నా చెయ్యి ఇడువలే. "మొన్న ఆమె అబద్ధం చెప్పింది. బిడ్డను పంపింది నేనే. మొదటి దినంసంది నేనే పంపిన."

నాయినమ్మ దర్వాజ చెక్క పట్టుకొని లేసింది. కొడుతదనుకున్న. కొట్టలే. అమ్మను కొత్తగ చూస్తున్నట్టు చూసింది. మేం దాటుకొని పోయినం.

బస్సుల చాచి మమ్ముల చూసింది. కిటికీ దిక్కు జరిగి అమ్మకు జాగ ఇచ్చింది. దవాఖానల కంపౌండరు "నిన్న ఎందుకు రాలే?" అని కోపం చేసిండు. అమ్మ తల వంచుకొని అన్నీ విన్నది. ఆనాడు సూది ఏసేటప్పుడు నా మొఖం మీద అడ్డం పెట్టిన కొంగు అమ్మది. ఆమె కండ్ల నీళ్లు నా బుగ్గ మీద పడ్డయి.

సూదులన్నీ అయిపోయినంక బాపు వచ్చిండు. ఊర్ల అడుగు పెట్టకముందే ఆయనకు సంగతి చేరింది. అమ్మ మీద చెయ్యి లేపిండు. "పిల్లకేమన్న అయితె ఎవడే జవాబు చెప్పేది? నన్నొక మాట అడగవా?" అమ్మ దెబ్బ తిన్నది గని తప్పయిందని అనలే. దర్జీ ఇంటి దిక్కు పోతె కాళ్లిరుగుతయని బాపు నాకు చెప్పిండు. రెండిండ్ల నడుమ గిన్నెలు తిరుగుడు బందయింది. ఇంకొందరు గూడ ఆ ఇంట్ల గుడ్డలు కుట్టియ్యుడు బంద్ పెట్టిన్రు. ఒకరి పిల్ల సంగతిల జొరవడేటోళ్లతోని మనకెందుకని.

ఊరంత నన్నే చూసేది. నేను వాకిట్ల ఆడుతుంటె బాటన పోయేటోళ్లు ఆగి, "ఎట్లున్నవే పిల్లా, మంచిగనే ఉన్నవా?" అని అడిగేటోళ్లు. నేను సస్తననే చూసిన్రు. సూదితోని అని కొందరు, కుక్కతోని అని కొందరు.

ఏం కాలే. నాకు ఏం కాలే, నా దోస్తుకు ఏం కాలే. గదే చాచికి చెరుపు చేసింది. సూదులు పడకుంట మాకేమన్న అయ్యుంటె ఆమె చెప్పింది నిజమని తెలుస్తుండె. ఏం కాకపోయేసరికి, "చూసినవా, పసరు పనిచేసింది. ఊకెనే పిల్లల కడుపులు పొడిపిచ్చింది" అన్నరు. నాయినమ్మ కోడిని పట్టుకపోయి పసరాయనకు ఇచ్చి వచ్చింది. చాచికి ఎవ్వరు ఒక్క మంచి మాట చెప్పలే. అమ్మకు చెప్పాలెనని ఉండె గావచ్చు. ఆమెకు గడప దాటుడు మళ్ల బందయింది.

వానలు పడకముందే వాళ్లు జనగామకు పోయిన్రు. మిషన్ బండి మీదికెక్కించి తాళ్లతోని కడుతున్నరు. నేను గోడ సాటున నిలబడ్డ. చాచి నన్ను చూసి వచ్చింది. ముందు అటిటు చూసి, నా గౌను జర పైకి లేపి కడుపు చూసింది. ఆమె ఏళ్లు ఆ మచ్చల మీద మెల్లగ తిరిగినయి. "మాసిపోతయ్ బేటా, పెండ్లినాటికి కనవడయి" అన్నది. నా దోస్తు బండి ఎనక కూసొని కాళ్లు ఊపుతున్నది. మలుపు కాడ చెయ్యి లేపింది. నేను లేపేసరికి బండి మళ్లింది.

వానలు బాగ పడ్డంక లేగదూడకు సుస్తయింది. మొదలు మేత ముట్టలే. తర్వాత గొంతు మారింది. అది అంబా అనేది గాదు, ఏదో పగిలిన చప్పుడు. కుడితి పెడితె మూతి దగ్గరికి తెచ్చి వణికేది, మింగలేకపోయేది. సొంగ తీగలు తీగలుగ కారేది. కట్టుగొయ్యను కొమ్ములు రాని తలతోని కొట్టుకునేది. మమ్ముల ఎవ్వరిని దగ్గరికి రానియ్యలే. నాయినమ్మ కొట్టం బయట వానల నిలబడి చూసింది. అది సచ్చి, మొగోళ్లు గుంజుకపోయి పాతిపెట్టి వచ్చినంక గూడ అక్కడనే నిలబడ్డది.

"దీనికి గూడ గదే పసరు తాపిన గద" అన్నది. ఎవరితోని అన్నదో తెల్వదు. పక్కన నేనొక్కదాన్నే ఉన్న.

తెల్లారి నాయినమ్మ తలస్నానం చేసి, పొయ్యి ముట్టించి సర్వపిండి పెట్టింది. నువ్వులు, పల్లీలు, ఎల్లిపాయ అన్నీ ఏసి పెట్టింది. అమ్మ చెయ్యి పెట్టబోతె వద్దన్నది. వేడివేడిది గుడ్డల మూట కట్టుకొని బయటికి నడిసింది. నేను ఎనకనే పోయిన. ఆమె దర్జీ ఇంటి ముంగట ఆగింది. తలుపుకు తాళం. వాకిట్ల మోకాలెత్తు గడ్డి మొలిసింది. వాళ్లు పోయిన సంగతి ఊర్ల పసిపిల్లకు గూడ తెలుసు.

"నాయినమ్మా, వాళ్లు జనగామ పోయిన్రు గద" అన్న.

"తెల్సు."

ఆ తడి అరుగు మీద కూసున్నది. మూట ఒళ్లె పెట్టుకున్నది. నన్ను దగ్గరికి గుంజుకొని, గౌను మీదనే నా కడుపు మీద చెయ్యి పెట్టింది. నొస్తున్నదా అని అడుగలే. నాకు అప్పటికి నొప్పి పోయింది. బాటన పోయేటోళ్లు చూసిన్రు, ఎవ్వరు పలకరియ్యలే.

ఆ సూదుల మాట మా ఇంట్ల మళ్ల ఎప్పుడు రాలే. బాపు గూడ ఎత్తలే. తర్వాత మా అమ్మకు మా తమ్ముడు పుట్టిండు. టీకాలోళ్లు ఊర్లకొచ్చిననాడు నాయినమ్మ వాన్ని ఎత్తుకపోయి తనే లైన్ల నిలబడ్డది. సూది వేసేటప్పుడు మొఖం పక్కకు తిప్పుకొని, కండ్లు గట్టిగ మూసుకున్నది. ఆమె భయం పోలే. భయంతోనే నిలబడ్డది.

నా పెండ్లయినంక జనగామ పోయినప్పుడల్లా దర్జీ దుకాణాలల్ల అడిగిన. మా ఊరి పేరు చెప్పిన, చాచా ఎట్లుండేటోడో చెప్పిన. ఒకాయన అట్లాంటోళ్లు హైదరాబాద్ పోయిన్రన్నడు. ఇంకొకాయన తెల్వదన్నడు. చాచి ఉన్నదో లేదో. నాకు ముగ్గురు పిల్లలు పుట్టిన్రని ఆమెకు తెల్వదు. నేను ఎవరి వల్ల బతికిన్నో సాక్ష్యం చెప్పేటోళ్లు ఇప్పుడు ఎవ్వరు లేరు. అమ్మ లేదు, నాయినమ్మ లేదు. నా కడుపు మీద మచ్చలు గూడ లేవు. చాచి చెప్పినట్టే, పెండ్లినాటికే మాసిపోయినయి.